ఉబ్బసం క్లాసుకి 1,500 దండగేనా?

అడిగినది (ఉత్తరంలో కొంత): “మాది పుంగనూరు దగ్గర పల్లె. బెంగళూరులో బేగూరు వైపు అద్దెకుంటాం. అమ్మకి 57 ఏళ్లు, పదేళ్లుగా ఉబ్బసం. పోయిన ఏడాది మూడుసార్లు అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరిగెత్తాం. ఒకసారి నాలుగు రోజులు అడ్మిట్ చేశారు. ఇప్పుడు చూపిస్తున్న క్లినిక్‌లో మూడు సిట్టింగుల ‘పేషెంట్ ఎడ్యుకేషన్’ ఉందంటూ 1,500 కట్టమంటున్నారు. ఇన్సూరెన్స్‌లో రాదట. పంప్ ఎలా పీల్చాలో యూట్యూబ్‌లో ఊరికే దొరుకుతుంది కదా? ఇది డబ్బు గుంజడమేనా?”

మీ అమ్మగారి విషయంలో కట్టండి. కానీ రశీదు మీద ‘ఎడ్యుకేషన్’ అని ఉన్నందుకు కట్టొద్దు. ఆ మూడు సిట్టింగుల్లో ఏం చేస్తారో కనుక్కుని కట్టండి. ఆ పేరు కింద గిట్టుబాటయ్యే పనీ జరుగుతుంది, శుద్ధ దండగ పనీ జరుగుతుంది. రెండింటికీ ఫీజు ఒకేలా ఉంటుంది.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను డాక్టర్ని కాదు, బి.ఫార్మసీ చదివిన మనిషిని. తిరుపతి నుంచి బెంగళూరు వచ్చి పంతొమ్మిదేళ్లయింది. మొదటి ఆరేళ్లు ఒక ఆసుపత్రి మందుల కౌంటర్లో రాత్రి డ్యూటీ. ఆ తర్వాత నుంచి ఒక ఛాతీ డాక్టరు గారి దగ్గర పంప్ పీల్చడం నేర్పే పని. ఉబ్బసం వాళ్ల డబ్బు ఎక్కడ పోతుందో ఆ కౌంటర్లో కూర్చుని చూశాను. ఎందుకు పోతుందో తెలిసింది మాత్రం ఈ రెండో ఉద్యోగంలోనే. నా జీతం ఇలాంటి క్లాసుల మీదే నడుస్తోంది కాబట్టి, నా మాటని కాస్త తగ్గించుకునే వినండి. అందుకే మీరు రాసిన అంకెలతోనే లెక్క వేస్తాను.

పోయిన ఏడాది మీ ఖర్చు చూద్దాం. మూడు రాత్రుల ఎమర్జెన్సీ, ఒక్కోసారి దాదాపు 3,500 అన్నారు, అంటే 10,500. అడ్మిషన్ బిల్లు 62,000 అయితే ఇన్సూరెన్స్ 44,000 ఇచ్చింది. గది అద్దె తేడా, మాస్కులు, గ్లవ్స్ అంటూ మిగిలిన 18,000 మీ నెత్తిన పడింది. మీ జీతం 32,000, ఏడు రోజులు కోత పడిందన్నారు, అది సుమారు ఏడున్నర వేలు. దమ్ము ఎక్కినప్పుడు పీల్చే నీలం పంపులు పద్నాలుగు, 180 చొప్పున రెండున్నర వేలు. మొత్తం 38,500. మీ భార్య కుట్టుపని ఆగిన రోజులు, రాత్రి రెండింటికి ఆటోవాడు అడిగినంత ఇచ్చింది ఇందులో వేయలేదు.

ఇక మీరు చేయని ఖర్చు ఒకటుంది. డాక్టరు గారు రాసిన రోజువారీ పంప్ (బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసినది) రెండు నెలలు వాడి, ‘అమ్మకి బాగానే ఉంది కదా’ అని ఆపేశారు. నెలకి 450 మిగిలిందనుకున్నారు. నూటికి తొంభై ఇళ్లలో ఇదే కథ, మిమ్మల్నేమీ అనడం లేదు. రోజువారీ మందు పని చేస్తున్నంత కాలం అది పని చేస్తోందని ఎవరికీ తెలియదు. నీలం పంప్ అయితే పీల్చిన ఐదు నిమిషాల్లో దమ్ము సడలుతుంది, దాని గొప్ప కళ్లకి కనబడుతుంది. అందుకే ఇంట్లో అందరికీ నీలం పంపే అసలు మందు, రోజువారీది ‘డాక్టర్లు ఊరికే రాసేది’.

అసలు సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. ఉబ్బసంలో ఊపిరి గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది. వాపు ఉన్నంత కాలం దుమ్ము తగిలినా, చలిగాలి తగిలినా గొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. నీలం పంపులోని సాల్బుటమాల్ ఆ బిగువుని కొన్ని గంటలు సడలిస్తుంది, అంతే. వాపు జోలికి పోదు. వాపుని తగ్గించేది రోజువారీ పంపులో ఉన్న స్టెరాయిడ్. అది కూడా రోజుల తరబడి, వారాల తరబడి మెల్లగా. ఉబ్బసం చికిత్సకి ప్రపంచమంతా చూసే ‘గినా’ మార్గదర్శకాలు 2019 నుంచి, పెద్దవాళ్లకి నీలం పంప్ ఒక్కదానితో నెట్టుకురావడం మంచిది కాదని స్పష్టంగా చెబుతున్నాయి. ఏడాదికి మూడు నీలం పంపులు దాటాయంటే దాడులు వచ్చే ప్రమాదం పెరిగినట్టే. పన్నెండు దాటితే ప్రాణానికే ప్రమాదం పెరుగుతుంది.

మీ అమ్మగారికి పద్నాలుగు. ఒక్కోదాంట్లో 200 నొక్కులు, ఏడాదికి 2,800, అంటే రోజుకి ఎనిమిదికి దగ్గర. బ్రిటన్‌లో ఉబ్బసంతో పోయినవాళ్ల కేసులు తిరగేసి 2014లో ఒక నివేదిక వేశారు. పోయే ముందు ఏడాదిలో ఎన్ని నీలం పంపులు రాశారో తెలిసినవాళ్లలో 39 శాతం మందికి పన్నెండుకి పైనే రాసి ఉన్నాయి. మిమ్మల్ని బెదిరించడానికి చెప్పడం లేదు. నేను కౌంటర్లో ఉన్న ఆరేళ్లలో ఇలాంటి పంపులు ఎన్ని అమ్మానో లెక్కలేదు. ‘మొన్ననే కదా తీసుకున్నారు?’ అని ఒక్కసారి కూడా అడగలేదు. అడగాలని నాకే తెలియదు. ఫార్మసీ చదివిన నాకే ఎవరూ చెప్పలేదంటే ఇక మీ అమ్మగారికి ఎవరు చెబుతారు?

మళ్లీ లెక్కలోకి వద్దాం. క్లాసు ఖర్చు అంటే 1,500 ఒక్కటే కాదు. మూడుసార్లు మీ సగం రోజు సెలవు, ఇంకో 1,600. స్పేసరు (పంపుకి తగిలించే గొట్టం), పీక్ ఫ్లో మీటరు (ఎంత వేగంగా ఊపిరి ఊదగలరో కొలిచేది) రెండూ కలిపి ఒక వెయ్యి. మొత్తం 4,100. దీనికి బదులుగా ఏం వస్తుంది?

ఇక్కడ నేను ‘ఇక ఎమర్జెన్సీకి పోనే పోరు’ అంటే అబద్ధమవుతుంది. స్వయంగా చూసుకోవడం నేర్పే శిక్షణల మీద జరిగిన 36 పరిశోధనలని కలిపి 2003లో వచ్చిన కాక్రేన్ (వైద్య పరిశోధనలని కలిపి తూచే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష ఒకటి ఉంది. శిక్షణ పొందినవాళ్లలో, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లతో పోలిస్తే, ఆసుపత్రిలో చేరడం 36 శాతం తగ్గింది. ఎమర్జెన్సీకి పోవడం 18 శాతం, పని పోగొట్టుకున్న రోజులు 21 శాతం తగ్గాయి. అవి సగటు అంకెలు. మీ పోయిన ఏడాదికి అవే వేస్తే అడ్మిషన్‌లో మీ వాటా 18,000లో దాదాపు 6,500 మిగులు. ఎమర్జెన్సీలో 1,900. జీతం కోత మీది, ఆ పని రోజుల లెక్క రోగులది, అయినా అదే వరస అనుకుంటే దగ్గర దగ్గర 1,600. మొత్తం పది వేలు. పెట్టింది నాలుగు వేల చిల్లర.

రోజువారీ పంపుకి ఏడాదికి 5,400 అవుతుంది కదా అంటారు. అవుతుంది. అది కూడా కలిపితే మీ ఖర్చు 9,500, మిగులు పది వేలు, అంటే సరికి సరి. చాలామంది ఈ మాట దాచిపెడతారు, నేను దాచను: శిక్షణ సరిగ్గా పనిచేస్తే మొదటి ఏడాది మందుల బిల్లు తగ్గదు, పెరుగుతుంది. తగ్గేది ఆసుపత్రి బిల్లు. ఆ 5,400 క్లాసు వల్ల వచ్చిన ఖర్చు అనడం కూడా న్యాయం కాదనుకోండి, అది డాక్టరు పోయిన ఏడాదే రాసిన మందు. పైగా మీ అమ్మగారు సగటు మనిషి కాదు. ఏడాదిలో ఒకసారి అడ్మిట్ అయి, మూడుసార్లు ఎమర్జెన్సీకి వెళ్లి, రోజువారీ మందు మానేసి, పద్నాలుగు నీలం పంపులు వాడిన మనిషి. నా అనుభవంలో మార్పుకి ఎక్కువ చోటు ఉండేది ఇలాంటివారి దగ్గరే. అదే వానాకాలంలో రెండుసార్లు దగ్గి, పిల్లికూతలు వచ్చి పోయే ఇరవై ఏళ్ల కుర్రాడైతే మూడు సిట్టింగులు అక్కర్లేదు. ఒక్క అరగంట చాలు, పర్సులో మిగిలేది కూడా పెద్దగా ఏమీ ఉండదు.

అసలు మజా ఎక్కడుందంటే ఇన్సూరెన్స్ కట్టిన 44,000 దగ్గర. దానికి కూడా 36 శాతం వేసి చూడండి: దాదాపు 16,000. మీరు కట్టే క్లాసు వల్ల అందరికంటే ఎక్కువ మిగిలేది ఇన్సూరెన్స్ కంపెనీకి, వాళ్లు మాత్రం ‘ఓపీ ఖర్చు, ఇవ్వం’ అంటారు. ఆసుపత్రి వైపు నుంచి చూస్తే ఇంకో తమాషా: శిక్షణ బాగా పనిచేస్తే వాళ్ల మంచం ఖాళీగా ఉంటుంది. కౌంటర్లో ఉన్నప్పుడు చలికాలం వస్తే నెబ్యులైజర్ మాస్కుల స్టాకు పెంచుకునేవాళ్లం, అమ్ముడుపోతాయని అందరికీ ముందే తెలుసు. ఎవరూ దొంగలు కారు. కానీ అరగంట కూర్చోబెట్టి నేర్పే మనిషికి జీతమిచ్చేవాడు ఒకడైతే, లాభం ఇంకొకడి జేబులో పడుతుంది. అందుకే ఇంత పెద్ద ఊళ్లో మందు రాసే చోటు వీధికొకటి ఉంటుంది, పీల్చడం నేర్పే చోటు వెతుక్కోవాలి.

ఖర్చు పెట్టేదీ మిగుల్చుకునేదీ ఒకే ఖజానా అయినచోట ఏమవుతుందో ఫిన్లాండ్ చూపించింది. 1994 నుంచి 2004 వరకు దేశమంతా ఒక ఉబ్బసం కార్యక్రమం నడిపారు. త్వరగా కనిపెట్టడం, వాపు తగ్గించే మందు మొదట్లోనే మొదలుపెట్టడం, రోగికి తన జబ్బు తానే చూసుకోవడం నేర్పడం. నర్సులకీ, మందుల షాపుల ఫార్మసిస్టులకీ ఈ పని అప్పగించారు. 1993తో పోలిస్తే 2003కి ఉబ్బసం వల్ల ఆసుపత్రిలో గడిపిన రోజులు 54 శాతం తగ్గాయి. ఒక్కో రోగి మీద ఏడాది ఖర్చు 1,611 యూరోల నుంచి 1,031కి దిగింది. రోగుల సంఖ్య పెరుగుతూ ఉన్నా, మందుల ఖర్చు పెరిగినా ఇది జరిగింది. ‘అది చలిదేశం, ధనికదేశం’ అంటారేమో. తిరువనంతపురంలో ఉబ్బసం రోగులకి ఇలాగే శిక్షణ ఇచ్చి చూసిన పరిశోధన 1998లో అచ్చయింది. అక్కడ కూడా ఆసుపత్రి వాడకం తగ్గింది.

ఇప్పుడు యూట్యూబ్ సంగతి. ఈ ప్రశ్న నాకు వారానికి రెండుసార్లు వస్తుంది. సమాచారం ఊరికే దొరుకుతుంది, నిజమే. కానీ సమాచారం మాత్రమే ఇచ్చే శిక్షణల మీద కూడా కాక్రేన్‌లో ఒక సమీక్ష ఉంది. పుస్తకం, ఉపన్యాసం, వీడియో ఇచ్చి వదిలేస్తే రోగికి విషయం తెలుస్తుంది గానీ ఆసుపత్రి చేరికలు తగ్గలేదు. వీడియో మీకు చూపిస్తుంది, మిమ్మల్ని చూడదు. తేడా అంతా అక్కడే ఉంది.

బాణసవాడిలో బాడుగ ఆటో తోలే పలమనేరు మనిషి ఒకాయన వచ్చాడు, నలభై ఏళ్లుంటాయి. నాలుగు నెలలుగా గొట్టంలో వేసి పీల్చే పొడి క్యాప్సూళ్లు రాసి ఉన్నాయి, అయినా రెండు రాత్రులు నెబ్యులైజర్ పెట్టించుకున్నాడు. చీటీ చూసి, ‘మందు సరిగ్గా వాడుతున్నావా అన్నా?’ అన్నాను.

“వాడతానే ఉండా మేడం. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఒక్క పూట గూడా తప్పలా.”

“ఎలా వాడుతున్నావో ఒకసారి చూపించు.”

జేబులోంచి క్యాప్సూల్ తీసి, బల్ల మీదున్న నా నీళ్ల సీసా అందుకుని, మింగేశాడు.

“దీంతోపాటు ఒక ప్లాస్టిక్ గొట్టం ఇచ్చుంటారే?”

“అదా... మా పిల్లోడు పీకేసి ఊదుకుంటా ఆడుకుంటా ఉండాడు.”

నవ్వు వచ్చింది, వెంటనే సిగ్గేసింది కూడా. ఆయన తప్పేముంది? క్యాప్సూల్ అంటే మింగేదే కదా, పుట్టినప్పటి నుంచి అందరం అదే చేస్తున్నాం. నాలుగు నెలల మందు డబ్బు కడుపులోకి పోయింది. అదీ కాక ఆటో ఆగిన రోజు రాబడి సున్నా, ఓనరుకి బాడుగ మాత్రం కట్టాలి. మీకైతే జీతం కోత, ఆయనకి ఎదురు ఖర్చు. ఆ రోజు ఆయనకి నేను నేర్పింది పదిహేను నిమిషాల పని: క్యాప్సూల్ గొట్టంలో పెట్టి తిప్పడం, ఊపిరి బయటికి వదలడం, పెదాలు బిగించి గట్టిగా, వేగంగా పీల్చడం, పదంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టడం, పొడి మిగిలితే మళ్లీ పీల్చడం, చివర్లో నోరు పుక్కిలించడం. ఆయన వంద వీడియోలు చూసినా ‘నేను వాడుతూనే ఉన్నాను’ అనే అనుకునేవాడు.

మీ అమ్మగారిది నొక్కే పంప్. దాని తప్పులు వేరు. పొడి గొట్టాన్ని వేగంగా పీల్చాలి, నొక్కే పంపుని నెమ్మదిగా. చాలామంది రెండింటినీ తారుమారు చేస్తారు. పంప్ ఆడించకుండా నొక్కడం ఒకటి. ముందు నొక్కి, తర్వాత పీల్చడం ఇంకొకటి. పీల్చడం మొదలవగానే నొక్కాలి, ఆ పీల్పు నాలుగైదు సెకన్లు సాగాలి. మీ అమ్మగారు నొక్కినప్పుడు నోటి అంచుల నుంచి పొగ బయటికి వస్తోందేమో ఈ రాత్రే చూడండి. 450 రూపాయల పంపులో 120 నొక్కులు, ఒక్కో నొక్కు మూడు రూపాయల ముప్పావు. పొగ బయటికి పోతే ఆ డబ్బు సాంబ్రాణి ధూపం వేసినట్టే. స్పేసరు తగిలిస్తే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. నొక్కిన మందు ఆ గొట్టంలో నిలుస్తుంది, మెల్లగా పీల్చుకోవచ్చు. దాన్ని సబ్బు నీళ్లలో కడిగి గాలికి ఆరబెట్టాలి, బట్టతో తుడవకూడదు. తుడిస్తే ప్లాస్టిక్‌కి స్టాటిక్ కరెంటు పుట్టి మందు గోడలకే అంటుకుంటుంది. చుట్టాలింట్లో గాలి శుద్ధి చేసే యంత్రానికి ఇరవై వేలు పోసినవాళ్లని చూశాను, వాళ్ల దగ్గర స్పేసరు లేదు.

పంప్ వాడేవాళ్లలో సరిగ్గా పీల్చలేనివాళ్లు 70 నుంచి 80 శాతం దాకా ఉంటారని గినానే చెబుతుంది. ఒకసారి నేర్పినా నాలుగు నుంచి ఆరు వారాల్లో తప్పులు తిరిగి వచ్చేస్తాయి కూడా. అందుకే ఒక్క సిట్టింగు కాకుండా మూడు ఉండటం మంచి లక్షణమే. అయితే మూడూ ఒకే వారంలో పెడితే ఒప్పుకోకండి. మొదటిది ఇప్పుడు, రెండోది నెల తర్వాత, మూడోది చలి మొదలయ్యే ముందు ఉండాలి. బెంగళూరులో దీపావళి టపాకాయలు, పొద్దుటి మంచు, మెట్రో తవ్వకాల దుమ్ము, ఖాళీ సైట్లలో వయ్యారిభామ కలిపి వాయిస్తాయి. ఈ ఊరి గాలి సంగతి కొత్తదేమీ కాదు. ఇక్కడి పిల్లల డాక్టరు పరమేశ్ గారు ఆసుపత్రికి వచ్చిన పిల్లల్లో ఉబ్బసం 1979లో 9 శాతం ఉంటే, 1999కి 29.5 శాతమైందని లెక్కకట్టారు.

నా దృష్టిలో మొత్తం 1,500లో సగం విలువ ఒక్క కాగితానిది. డాక్టరు సంతకం ఉన్న కాగితం, మూడు గడులు. పచ్చ గడిలో రోజూ ఏం వాడాలో. పసుపు గడిలో, రాత్రి దగ్గుతో లేస్తున్నా, నీలం పంప్ వాడకం పెరిగినా, పీక్ ఫ్లో తన మామూలు అంకెలో 80 శాతం కంటే దిగినా ఏ మందు ఎంత పెంచాలో. ఎర్ర గడిలో, 50 శాతం కంటే దిగినా, మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చినా ఏం వేసుకుని ఎక్కడికి పోవాలో. దాడులన్నీ అర్ధరాత్రి హఠాత్తుగా ఊడిపడవు. చాలాసార్లు రెండు మూడు రోజుల ముందు నుంచే పసుపు గడిలో ఉంటారు, అది పసుపని చెప్పేవాళ్లుండరు. ఎమర్జెన్సీ బిల్లు అంటే చాలావరకు ఆ రెండు రోజులు చేతులు ముడుచుకుని కూర్చున్నందుకు కట్టే జరిమానా. మందు ఎంత పెంచాలి అనేది మాత్రం డాక్టరే రాయాలి. నేను రాయకూడదు, మీరు పక్కింటివాళ్ల కాగితం చూసి దించుకోకూడదు.

ఆ కాగితం తెలుగులో రాయించండి. ఈ ఊళ్లో అది ఇంగ్లీషులోనో కన్నడలోనో చేతికిస్తారు, మీ అమ్మగారు మడిచి ఫైల్లో పెట్టుకుంటారు. అడిగితే తెలుగు వచ్చిన నర్సు ఎవరో ఒకరు దొరుకుతారు, మదనపల్లె, కదిరి, కోలారు వైపు వాళ్లు ప్రతి ఆసుపత్రిలో ఉన్నారు. మొదటి సిట్టింగుకి మీరొక్కరే తీసుకెళ్లొద్దు, మీ భార్య కూడా రావాలి. మీరు షిఫ్టులో ఉన్న రాత్రి ఫ్రిజ్ మీది కాగితం చదవాల్సింది ఆవిడే.

ఫీజు కట్టే ముందు రిసెప్షన్‌లో రెండు మాటలు అడగండి: “మా అమ్మ చేత పీల్పించి చూస్తారా? రాతపూర్వకంగా ప్లాన్ ఇస్తారా?” రెండిటికీ అవునంటే కట్టేయండి. ‘పవర్‌పాయింట్ చూపిస్తాం, బుక్‌లెట్ ఇస్తాం’ అంటే ఆ డబ్బుతో స్పేసరు కొనుక్కోండి. అదే ప్యాకేజీలో వేలకి వేలు ఎలర్జీ రక్తపరీక్షలూ, ప్రోటీన్ పొడి డబ్బాలూ చేరిస్తే లేచి వచ్చేయండి. ఇంకో సంగతి, మీ అమ్మగారికి కట్టెల పొయ్యి పొగ ఏళ్ల తరబడి తగిలి ఉంటే, అది ఉబ్బసమా, సీఓపీడీనా (పొగ వల్ల ఊపిరి గొట్టాలు శాశ్వతంగా దెబ్బతినే జబ్బు) అని స్పైరోమెట్రీ (గొట్టంలో ఊదించి ఊపిరి కొలిచే) పరీక్షతో తేల్చుకున్నారో లేదో అడగండి. జబ్బు వేరైతే ఈ లెక్కంతా వేరు.

1,500 కూడా కష్టమైతే హోసూరు రోడ్డు దగ్గర ప్రభుత్వ రాజీవ్ గాంధీ ఛాతీ వ్యాధుల సంస్థ ఉంది, క్యూ పొడుగు గానీ ఖర్చు తక్కువ. మీ జీతానికి ఈఎస్‌ఐ రాదు. నెలకి 21,000 లోపు జీతమున్న మీ స్నేహితులకి ఉంటే ఓపీ మందులు కూడా అందులో వస్తాయని చెప్పండి. రోజువారీ పంప్ జన ఔషధి దుకాణంలో దొరుకుతుందేమో అడగండి, దొరికితే ఆ 450 బాగా తగ్గుతుంది. అయితే బ్రాండు మారితే గొట్టం తీరు మారొచ్చు, తీసుకొచ్చి మళ్లీ పీల్చి చూపించుకోవాలి.

మృగశిర కార్తెకి హైదరాబాదు వెళ్లి చేప ప్రసాదం వేయిద్దామని మీ పెద్దమ్మ పట్టుబడుతున్నారన్నారు. నమ్మకం మీద నేనేమీ అనను, మా మేనమామ పదేళ్లు వెళ్లాడు. రైలు టిక్కెట్లు, రెండు రోజుల సెలవు, జనం తోపులాట వీటి ఖర్చు కూడా లెక్కలో రాసుకోండి, అంతే. వెళ్తే రోజువారీ పంప్ సంచిలో పెట్టుకుని వెళ్లండి, తిరిగొచ్చాక ఆపకండి. మా మామ ఆపేవాడు, ప్రతి జులైలో మా అత్త గాజులు తాకట్టుకి పోయేవి.

మొదటి సిట్టింగుకి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న పంపులన్నీ, అయిపోయినవి కూడా, ఒక క్యారీబ్యాగులో వేసుకుని వెళ్లండి. తలగడ కింద ఒకటి, పూజగది అరలో ఒకటి, పాత హ్యాండ్‌బ్యాగులో ఒకటి తప్పకుండా దొరుకుతాయి. నేనైతే మొదట వాటిని బల్ల మీద బోర్లించి లెక్కపెట్టిస్తాను. ఏడాదయ్యాక మళ్లీ అదే పని చేసి, ఎన్ని నీలంవి వచ్చాయో ఇక్కడ రాయండి.